నయాపూల్ ప్రాంత ఉన్నత పాఠశాలలు: తల్లిదండ్రుల చేయూత

మూసీకి ఉత్తరాన అఫ్జల్‌గంజ్, దక్షిణాన మదీనా చౌరస్తా. ఈ రెంటినీ కలిపే వంతెన పేరే చుట్టుపక్కల ప్రాంతానికీ స్థిరపడింది. నయాపూల్ మీద నిలబడితే ఒక దిక్కున హైకోర్టు, దానికి చేరువలో సిటీ కాలేజీ, ఇంకో దిక్కున సాలార్‌జంగ్ మ్యూజియం, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఆసుపత్రికి దగ్గర్లోనే 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1908 సెప్టెంబరు వరద ఈ తీరాన్ని ఊడ్చేసిన తర్వాత నగరాన్ని తిరిగి కట్టుకున్న రోజుల్లో లేచిన భవనాలే వీటిలో ఎక్కువ. చదువుకూ న్యాయానికీ వైద్యానికీ ఇంత గొప్ప కట్టడాలు ఒకేచోట ఉన్న ప్రాంతం హైదరాబాద్‌లో మరొకటి లేదనే చెప్పాలి.

ఆ భవనాలకు నడక దూరంలోని బస్తీ పిల్లలకు మాత్రం పదో తరగతి గట్టెక్కడమే పెద్ద పని. 2022 పదో తరగతి ఫలితాల్లో సిద్దిపేట జిల్లా 97.85 శాతం ఉత్తీర్ణతతో మొదటి స్థానంలో నిలిస్తే, హైదరాబాద్ జిల్లా 79.63 శాతంతో అట్టడుగున ఉంది. రాజధాని నగరం, ఊరూరి నుంచి పిల్లలు కోచింగ్ కోసం వచ్చే నగరం, తన సొంత పిల్లల లెక్కలో రాష్ట్రం మొత్తానికీ వెనకబడింది. ఆ వెనకబాటులో పాతబస్తీ సర్కారు బడుల వాటా చిన్నది కాదు. ఈ పిల్లల్ని తొమ్మిదీ పదీ దాటించడానికి తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు జీతం లేకుండా చేసే పని, దాని వెనకున్న చరిత్ర, చట్టాలు, దానికి ఎదురయ్యే అడ్డంకులు ఈ వ్యాస విషయం.

పద్నాలుగేళ్ల దగ్గర

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఎనిమిదో తరగతితో దాని బాధ్యత తీరిపోతుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది. బడి వేళల తర్వాత ఇంటి వ్యాపారంలో సాయపడితే మాత్రం తప్పు లేదంది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండని వారికి నిషేధం ప్రమాదకరమైన పనుల వరకే. అంటే పిల్లవాడు తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే వయసుకే బడిలో ఉండే హక్కు సడలుతుంది, పనిలోకి వెళ్లే దారి తెరుచుకుంటుంది. రెండు చట్టాలూ ఒకే పుట్టినరోజున చేయి వదిలేస్తాయి. కుటుంబం మీద, బస్తీ మీద బరువు పడేది సరిగ్గా అక్కడే. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి మూడు నుంచి పద్దెనిమిదేళ్ల వరకూ అందరికీ చదువు అందాలని లక్ష్యం పెట్టుకుంది. అది విధానంగానే ఉంది, చట్టంగా మారలేదు.

మదీనా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా నడిస్తే పిల్లల్ని బడి నుంచి లాగే శక్తులు కళ్లెదుటే కనిపిస్తాయి. బట్టల దుకాణాల్లో సామాను అందించే కుర్రాళ్లు, ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సులు, లాడ్‌బజార్‌కు సరుకు పంపే గాజుల కార్ఖానాలు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజు తయారీ ఓపికతో కూడిన పని. లక్కను బొగ్గుల పొయ్యి మీద మెత్తబరిచి, పిసికి, పొడవుగా సాగదీసి, గుండ్రంగా మలిచి, వేడి ఆరకముందే చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి. ఈ రాళ్లు అద్దే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. కూలి గాజుల లెక్కన. తల్లి పక్కన కూతురు కూర్చుంటే ఆ రోజు నాలుగు గాజులు ఎక్కువవుతాయి. పరీక్షల కాలంలో కూతుర్ని లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టిన తల్లి, ఆ నాలుగు గాజుల కూలి వదులుకున్నట్టే. ఏ కమిటీ రిజిస్టరులోనూ ఎక్కని స్వచ్ఛంద సేవ అది.

కార్ఖానాల రెండో ముఖం 2015 జనవరిలో బయటపడింది. పాతబస్తీలో పోలీసులు జరిపిన సోదాల్లో గాజుల తయారీలో మగ్గుతున్న 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. వాళ్లలో అత్యధికులు బిహార్ నుంచి తెచ్చినవారు. అమ్మానాన్నలు వందల మైళ్ల దూరంలో ఉన్న పిల్లల తరఫున బడి గడప తొక్కేదెవరు? తల్లిదండ్రుల భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు తప్పించుకోలేని ప్రశ్న ఇది.

ముందు నడిచినవారు

ఈ తీరంలో చదువు కోసం జనమే పూనుకోవడం కొత్త సంగతి కాదు. నయాపూల్‌కు తూర్పున, కోఠీ దిక్కుగా ఉన్న ఈసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన అప్పటికి నాలుగేళ్ల ముందే జగన్మిత్ర మండలి పెట్టి బస్తీల్లో హరికథల ద్వారా జనాన్ని కూడగట్టారు. ఒక్క బడితో మొదలైన ప్రయత్నం క్రమంగా 26 బడులకు, 2,500 మంది పిల్లలకు పెరిగింది. నిజాం రాజ్యంలో పాలనా భాష, పై చదువుల భాష ఉర్దూ. ఆయన తన బడుల్లో తెలుగులో చెప్పించారు. ఆ బడులు నిలబడింది చందాల మీద, కూలినాలి చేసుకునే కుటుంబాలు పిల్లల్ని పంపడానికి చూపిన తెగువ మీద. బడికి పంపితే పని ఎవరు చేస్తారని అడిగే యజమానులకు బదులు చెప్పుకోవలసింది ఆ తల్లిదండ్రులే కదా.

ఆడపిల్లల విషయంలో అలాంటి పట్టుదల రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. మాడపాటి హనుమంతరావు, ఆయన సహచరులు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు ప్రభుత్వ గుర్తింపు దొరకలేదు. పుణేలోని కార్వే మహిళా విద్యాపీఠానికి అనుబంధం చేసి పరీక్షలు రాయించారు. ఇంట్లోనే చదువుకున్న ఉర్దూ రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించారు. కూతురి చదువుకు రాజ్యం దారి చూపనప్పుడు దారి వెతికిపెట్టే పెద్దలు ఉండడం వల్లే ఒక తరం నిలబడింది.

సిటీ కాలేజీ కథ వేరు. పందొమ్మిదో శతాబ్దపు దార్-ఉల్-ఉలూమ్ మదర్సా నుంచి సిటీ హైస్కూలుగా, 1921లో ఇంటర్మీడియట్ తరగతులతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, 1929లో కాలేజీగా ఎదిగిన ప్రభుత్వ సంస్థ అది. రాజ్యం తలచుకుంటే మూసీ ఒడ్డున ఎంతటి చదువుల కోట లేపగలదో చెప్పడానికి ఆ భవనమే సాక్ష్యం.

కమిటీలు, వాటి వేళలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసి, ఎన్నికైన తల్లిదండ్రులతో విద్యా కమిటీలు ఏర్పాటు చేసింది. తర్వాత విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ దేశమంతటా పాఠశాల యాజమాన్య కమిటీలను తప్పనిసరి చేసింది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సగం మంది మహిళలు ఉండాలి, బలహీన వర్గాలకు వారి సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి. తెలుగు రాష్ట్రాల నియమాల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నికవుతారు. తెలంగాణలో 2019 చివర్లో, మళ్లీ 2024 జనవరిలో ఈ ఎన్నికలు జరిగాయి.

కాగితం మీద చూస్తే పేద తల్లికి ఇంతకు మించిన అధికారం ఏ ప్రభుత్వ శాఖలోనూ లేదు. చిక్కల్లా ఆచరణలో. చట్టం ఎనిమిదో తరగతి వరకే కాబట్టి ఈ కమిటీల ప్రాతినిధ్యం కూడా ప్రధానంగా ఆ తరగతుల తల్లిదండ్రులదే. ఉన్నత పాఠశాలల తొమ్మిది, పది తరగతుల కోసం మాధ్యమిక శిక్షా అభియాన్ కింద వేరే కమిటీలు పెట్టారు గానీ వాటికి ఆ చట్టబలం లేదు. పిల్లలు జారిపోయే తరగతుల్లోనే పెద్దల గొంతు సన్నబడిందన్నమాట.

రెండో చిక్కు వేళ. సమావేశం పగటిపూట బడి వేళల్లో పెడితే బేగంబజార్‌లో హమాలీ పనిచేసే తండ్రి రాలేడు. వచ్చాడంటే సగం రోజు కూలి పోయినట్టే. ఇళ్లల్లో పనిచేసే తల్లి ఒక పూట మానేస్తే ఆ ఇంటివాళ్లు ఊరుకోరు. పాతబస్తీలో ఇంకో సంగతీ ఉంది. నోటీసు తెలుగులో వస్తే ఉర్దూ మాత్రమే చదవగలిగే ఇంట్లో అది మడిచిన కాగితంగానే ఉండిపోతుంది, ఉర్దూలో మాత్రమే వస్తే గౌలిపురా, లాల్‌దర్వాజా దిక్కు తెలుగు ఇళ్లలో అదే గతి. 2017 నుంచి రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష. కమిటీ నోటీసు రెండు భాషల్లో ఇవ్వడం, సమావేశం ఆదివారమో సాయంత్రమో పెట్టడం ఖర్చు లేని పనులు. ఈ రెండూ చేయకుండా తల్లిదండ్రులకు ఆసక్తి లేదని నిట్టూర్చడం అన్యాయం.

2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను తెచ్చింది. స్వయం సహాయక సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు వీటికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనర్. తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న మరమ్మతులు వీరి చేతికి వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు మొదలైన ‘మన ఊరు–మన బడి’, నగరాల్లో ‘మన బస్తీ–మన బడి’, దాతల్నీ పూర్వ విద్యార్థుల్నీ బడి బాగుకు పిలిచింది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేకపోతే ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల బడి మానేస్తుందని ఏ తల్లినడిగినా చెబుతుంది. అందుకే ఈ పనులు చిన్నవని తీసిపారేయడానికి లేదు. అయితే మరమ్మతులు చూసే కమిటీ వేరు, పిల్లవాడు వారం నుంచి బడికి ఎందుకు రాలేదని ఇంటికి వెళ్లి అడిగే మనిషి వేరు. రెండోది ఇంకా ఎవరి పనీ కాలేదు.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న అన్ని సర్కారు బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిపి, 2025 జూలై 10న మళ్లీ నిర్వహించింది. పండుగలా ఉన్నా, మార్కుల పత్రం అయ్యవారి చేతుల మీదుగా తల్లి చేతికి రావడం చాలా ఇళ్లలో మొదటిసారి.

ప్రైవేటు బడుల తల్లిదండ్రుల బలాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఫీజుల భారంపై హైదరాబాద్ తల్లిదండ్రుల సంఘాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో, వీధుల్లో పోరాడాయి. కరోనా కాలంలో ఫీజులు పెంచకూడదని, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం 46వ నంబరు జీవో ఇచ్చింది. వకీలును పెట్టుకోగల, ఇంగ్లిషులో అర్జీ రాయగల తల్లిదండ్రుల మాట ప్రభుత్వం దాకా వెళ్తుంది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, ఇంట్లో ఒకే ఫోను, అదీ తండ్రితోపాటు పనికి వెళ్లిపోయే ఇళ్ల పిల్లల తరఫున అంత గట్టిగా అడిగినవారు లేరు.

దేశదేశాల అనుభవం

అమెరికాలో 1897లో తల్లుల జాతీయ మహాసభగా మొదలైన సంస్థే తర్వాత ప్రఖ్యాత తల్లిదండ్రుల–ఉపాధ్యాయుల సంఘంగా మారింది. నల్లజాతి పిల్లల బడులకు అందులో సరైన చోటు లేని కాలంలో, 1926లో అట్లాంటాకు చెందిన సెలీనా స్లోన్ బట్లర్ వారి కోసం వేరే జాతీయ సంఘాన్ని నిలబెట్టారు. రెండూ ఒకటైంది 1970లో. తీరిక, డబ్బు ఉన్న తల్లిదండ్రులు తమ బడికే సేవ చేస్తే బాగున్న బడి ఇంకా బాగుపడుతుంది, లేని బడి అక్కడే ఉండిపోతుంది. సమానత్వం కావాలంటే సేవ తమ పిల్లల గడప దాటాలి.

మన దేశంలో దీనికి దీటైన పాఠం ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ నుంచి వచ్చింది. అభిజిత్ బెనర్జీ, రుక్మిణి బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మరికొందరు పరిశోధకులు 280 గ్రామాల్లో ప్రథమ్ సంస్థతో కలిసి చేసిన అధ్యయనమది. గ్రామ విద్యా కమిటీల గురించి జనానికి వివరించి చెప్పినా బడిలో పెద్ద మార్పు రాలేదు. ఊళ్లోని యువ వాలంటీర్లకు చదివించే పద్ధతి నేర్పి, బడి వేళల బయట చదువు శిబిరాలు పెట్టించిన చోట మాత్రం పిల్లలకు చదవడం వచ్చింది. జనానికి పట్టింపు లేదన్న మాట అక్కడ వీగిపోయింది. ఫలానా పని చేయండి, ఇలా చేయండి అని చెబితే చేశారు.

ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి చేసిన కృషి కూడా ఈ మాటే చెబుతుంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికుడిగానే లెక్కగట్టి, ఊరి యువకుల్ని, తల్లిదండ్రుల్ని, టీచర్లను ఒక్కతాటి మీదకు తెచ్చింది. పనిలోంచి వచ్చిన పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పేద తల్లిదండ్రులకు చదువంటే ఇష్టం ఉండదన్న పాత అపోహను ఆ పల్లెలే తుడిచేశాయి. పాతబస్తీలో 1990ల నుంచి కోవా సంస్థ, 2002 నుంచి సుల్తాన్‌షాహీలో జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ సంస్థ ఆడపిల్లల చదువు, ఉపాధి, భద్రతల కోసం పనిచేస్తున్నాయి. సియాసత్ పత్రిక ఉర్దూ మాధ్యమం పిల్లల కోసం పదో తరగతి ప్రశ్నల పుస్తకాలు అచ్చువేసి పంచుతుంది.

చేయవలసిన పని ఏమిటి

నయాపూల్ బస్తీల్లో చదువుకోని తల్లిదండ్రులు లెక్కలు చెప్పలేరు. వారి నుంచి, వారికోసం నిలబడే ఇరుగుపొరుగు నుంచి బడికి కావలసింది వేరే ఉంది. మొదటిది కాగితాలు. పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా (నామినల్ రోల్స్) పంపే ముందు పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచూడాలి. ఆధార్‌లో ఒక అక్షరం, బడి రిజిస్టరులో ఇంకో అక్షరం ఉంటే అది పదో తరగతి మెమోలోకి ఎక్కి జన్మంతా వెంటాడుతుంది. ఉర్దూ పేర్లను ఇంగ్లిషులో రాసేటప్పుడు ఈ తేడా ఇంటింటికీ వస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రం చుట్టూ తిరగాలి. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభా ఉపకార వేతనం పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు మించకూడదు. బ్యాంకు ఖాతా సరిగా లేకనో, రెన్యువల్ గడువు దాటిపోయో ఆ డబ్బు ఆగిపోవడం ఎంత అన్యాయం! ఈ పత్రాల సంగతి తెలిసిన ఒక్క తండ్రి బస్తీలో ఉంటే ఇరవై ఇళ్లకు ఆసరా.

రెండోది తెలుగు. 2018 చట్టం రాష్ట్రంలోని బడులన్నిటిలో తెలుగు బోధన తప్పనిసరి చేసింది. ఇంట్లో, గల్లీలో, దుకాణంలో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లకు తెలుగు పేపరు గుండె దడ. ఒత్తులు, గుణింతాలు పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి. పాతబస్తీలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో చదువుకున్న అక్కలు, రిటైరైన ఉద్యోగులు ఎందరో. సాయంత్రం గంటసేపు ఒక వరండా తెరిస్తే చాలు. రంజాన్ నెలలోనూ బోనాల రోజుల్లోనూ పక్కపక్కనే మెలిగే ఇళ్లకు ఇది కొత్త స్నేహం కాదు. గల్లీ ట్యూషన్ చెప్పే ‘బాజీ’లు, ‘ఆపా’లు ఇప్పటికే ఈ పని సగం ఉచితంగా చేస్తున్నారు. వాళ్లను బడితో కలపాలి.

మూడోది కూర్చునే చోటు. ఒకటే గది ఉన్న ఇంట్లో, టీవీ, కుట్టుమిషను, పసిపిల్ల మధ్య జ్యామితి చదవడం కష్టం. పదో తరగతికి బడిలో ప్రత్యేక తరగతులు, సాయంత్రం అల్పాహారం ఇస్తున్నారు. అవి ముగిసేసరికి చీకటి పడితే ఆడపిల్లల్ని ఇంటికి చేర్చేదెవరన్న భయంతోనే పంపని ఇళ్లు ఉన్నాయి. వంతులవారీగా ఇద్దరు తల్లులు గేటు దగ్గర ఉండి, ఒకే దారిన పోయే పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్తే హాజరు పెరుగుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, తోడు వెళ్లే తల్లికి తిరుగు చార్జీ బెంగ పోయింది.

‘విద్యా వాలంటీరు’ అన్న పేరుతో రాష్ట్రంలో ఒకప్పుడు ఖాళీ పోస్టుల్లో నెలకు 12,000 రూపాయలకు పాఠాలు చెప్పించారు. కరోనా తర్వాత వారిని మళ్లీ తీసుకోలేదు. తల్లిదండ్రుల సేవ టీచర్ల కొరతకు మందు కాదు. గణితం టీచరు లేని బడిలో గేటు దగ్గర నిలబడే తల్లి ఎంత చేసినా గణితం రాదు. ఆ ఖాళీ నింపమని అడిగే హక్కు ఆమెకు ఉందని చెప్పడమే కమిటీల అసలు ప్రయోజనం.

పది తర్వాత

2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలు పాతబస్తీ కుటుంబాలకు పెద్ద ఆసరా అయ్యాయి. హాస్టల్లో ఉంచి చదివించడానికి, ముఖ్యంగా కూతుర్ని పంపడానికి, ముందు వెళ్లొచ్చిన ఇంటివాళ్ల మాటే తల్లిదండ్రులకు ధైర్యం. పాలిసెట్ రాస్తే డిప్లొమాకు దారి ఉంది. బాసర ట్రిపుల్ ఐటీ పదో తరగతి ఫలితం మీదే సీట్లిస్తుంది. గ్రేడ్ల పద్ధతి ఉన్నన్నాళ్లూ సర్కారు బడి పిల్లలకు 0.4 జీపీఏ కలిపి లెక్కించింది. ఈ దారులు తెలిసిన ఇంట్లో పిల్లవాడికి జూన్ నెల అవకాశాల కాలం, తెలియని ఇంట్లో దుకాణంలో చేరే కాలం.

మైనారిటీ ఆడపిల్లల పెళ్లికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే షాదీ ముబారక్ పథకం 2014లో 51,000 రూపాయలతో మొదలై తర్వాత 1,00,116కు పెరిగింది. పెళ్లికూతురికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు పదహారేళ్లకే సంబంధాలు చూసే ఇళ్లలో వాయిదాకు ఒక కారణం అందించింది. ఆ రెండేళ్లు ఖాళీగా ఇంట్లో గడవకుండా ఇంటర్‌గా మారాలంటే దగ్గర్లో ప్రభుత్వ బాలికల జూనియర్ కాలేజీ, అక్కడికి కలిసి నడిచే నేస్తాలు ఉండాలి. హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ చార్మినార్‌కు కూతవేటు దూరం, ఆ తర్వాతి మెట్టు కూడా అందుబాటులోనే ఉంది.

తప్పినవారి సంగతి ఇంకా తొందరగా చూడాలి. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే సప్లిమెంటరీ పరీక్ష ఫీజు గడువు ముగుస్తుంది. ఒకటో రెండో సబ్జెక్టులు పోయిన పిల్లవాడు ముఖం చూపించలేక బడి వైపు రాడు. ఆ వారంలో ప్రధానోపాధ్యాయుల దగ్గర జాబితా తీసుకుని, ఇంటింటికీ వెళ్లి, ఫీజు కట్టించి, మళ్లీ పరీక్ష రాయించే ఇద్దరు ముగ్గురు పెద్దలు ప్రతి బడికీ కావాలి.